దారి తెలిసిన మాక్రో

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో మరబోట్లకు వేట నిషేధం. మచిలీపట్నం దగ్గరి గిలకలదిండి హార్బర్‌లో బోట్లు కట్టేసి, వలలు బాగుచేసుకునే ఈ 61 రోజులూ లెక్కలవాళ్లకు మాత్రం తీరిక ఉండదు. ఏడాది పొడవునా వాడిన డీజిలు, ఐసు, సరంగుకూ కలాసీలకూ ఇచ్చిన అడ్వాన్సులు బోటుకో ఎక్సెల్ ఫైలు చొప్పున పేరుకుపోయి ఉంటాయి. వాటన్నింటినీ ఒక్క షీటులోకి లాగే మాక్రో ఒకటి ఎప్పుడో ఎవరో రాసిపెట్టి ఉంటారు. బటన్ నొక్కితే ఒక్కో ఫైలూ తెరుచుకుంటుంది, మొత్తాలు వచ్చి పడతాయి, ఫైలు మూసుకుంటుంది. కొత్త కంప్యూటర్ కొన్న రోజున అదే బటన్ నొక్కితే ఒక చిన్న డబ్బా వచ్చి, ఎర్రర్ 76, పాత్ నాట్ ఫౌండ్ అంటుంది.

కూడికల్లో తప్పేమీ లేదు. ఫైళ్ల చిరునామా మారిపోయింది, అంతే. చిన్న ఆఫీసుల్లో మాక్రోలు మూలపడేది ఎక్కువగా ఇక్కడేనని నా అభిప్రాయం. లెక్క రాయడం చాలామందికి వచ్చు. ఫైలు ఎక్కడుందో చెప్పడం కొందరికే వచ్చు.

ఈ విద్యకు నలభై ఏళ్ల చరిత్ర ఉంది. ఫోల్డర్‌లో ఫోల్డర్ పెట్టుకునే వీలు ఎంఎస్ డాస్‌కు 1983లో, రెండో వెర్షన్‌తో వచ్చింది. యూనిక్స్‌లో ఫోల్డర్ల మధ్య ముందుకు వాలిన గీత వాడతారు. డాస్‌లో ఆ గీతను అప్పటికే కమాండ్ల పక్కన స్విచ్‌లకు వాడేశారు కాబట్టి వెనక్కి వాలిన గీత, అంటే బ్యాక్‌స్లాష్, తెచ్చి పెట్టారు. లోటస్ 1-2-3 కూడా 1983లోనే వచ్చింది. అందులో మాక్రో అంటే వరుసగా నొక్కే కీల జాబితా. ఎక్సెల్‌లోకి మాక్రోలు రాసే భాష వీబీఏ 1993లో, ఐదో వెర్షన్‌తో వచ్చింది. అప్పటినుంచి ఈ పని ఎక్కువగా చేతి నుంచి చేతికి అందుతోంది. సీనియర్ రాసిన కోడును జూనియర్ కాపీ చేసుకుంటాడు, రెండు లైన్లు మార్చుకుంటాడు, తర్వాత వచ్చినవాడికి అప్పగిస్తాడు. ఆ రెండు లైన్లలో ఒకటి సాధారణంగా ఫైలు పాతే.

పాత్ కూడా చిరునామాలాంటిదే. మనం కవరు మీద ఇంటి నంబరు, వీధి, ఊరు, మండలం, జిల్లా అని చిన్నదాని నుంచి పెద్దదానికి పోతాం. ఇది పెద్దదాని నుంచి చిన్నదానికి వస్తుంది. సి:\యూజర్స్\ఆఫీస్\డెస్క్‌టాప్\బోట్లు\2024 అని ఉందనుకోండి. డ్రైవు పేరు, లాగిన్ అయిన మనిషి పేరు, డెస్క్‌టాప్, ఏడాది అన్నీ అందులో ఇరుక్కున్నాయి. వాటిలో ఏ ఒక్కటి మారినా పాత్ చెల్లదు. మాక్రోలో దీన్ని ఉన్నదున్నట్టు రాసేవాళ్లు ఆ ఒక్క కంప్యూటర్ కోసమే రాస్తున్నట్టు లెక్క.

చేయి తిరిగినవాళ్లు ఏంచేస్తారంటే, మాక్రో ఉన్న పుస్తకాన్నే, అంటే ఆ ఎక్సెల్ ఫైలునే, అడుగుతారు. దిస్‌వర్క్‌బుక్.పాత్ అని రాస్తే ఆ పుస్తకం ఏ ఫోల్డర్‌లో ఉందో ఎక్సెలే చెబుతుంది. బోట్ల ఫైళ్లను దాని పక్కనే ఉన్న ఫోల్డర్‌లో పెడితే చాలు. పెన్‌డ్రైవ్‌లో వేసుకుని గుడివాడలో ఆడిటర్ దగ్గరికి తీసుకెళ్లినా, ఇక్కడ 'ఈ:' డ్రైవ్ అన్నది అక్కడ 'ఎఫ్:' డ్రైవ్ అయినా, మాక్రో తడబడదు. కానీ ఎక్సెల్ చెప్పే ఆ పాత్ చివర బ్యాక్‌స్లాష్ ఉండదు. కలపడం మరిస్తే 'బోట్లు' ఫోల్డర్‌లోని '2024.ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్' కాస్తా 'బోట్లు2024.ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్' అయిపోతుంది. పుస్తకాన్ని ఇంకా ఒక్కసారీ సేవ్ చేయకపోతే వచ్చేది ఖాళీ. దిస్‌వర్క్‌బుక్‌కు బదులు యాక్టివ్‌వర్క్‌బుక్ అని రాస్తే, ఆ క్షణంలో తెర మీద ముందున్న ఫైలు ఏదైతే దాని చిరునామా వస్తుంది. ఆఫీసులో నాలుగు ఫైళ్లు తెరిచి పెట్టుకునే అలవాటు ఉన్నచోట ఇది రోజూ కొంప ముంచుతుంది.

తేదీతో ఫైలు పేరు పెట్టేటప్పుడు మరో చిక్కు. 15/04/2024 అని మనం రాసే పద్ధతిలో రెండు గీతలున్నాయి. విండోస్ వాటిని కూడా ఫోల్డర్ల మధ్య గీతలుగానే చదివి, '15' అనే ఫోల్డర్ కోసం వెతుకుతుంది. 2024-04-15 అని ఏడాది ముందు పెట్టి రాస్తే గొడవ పోతుంది, ఫైళ్లు తేదీల వరుసలో కూడా నిలబడతాయి.

తెలుగు పేర్ల సంగతి కొంచెం నింపాదిగా చెప్పాలి. ఫోల్డర్‌కు 'గిలకలదిండి' అని పేరు పెడితే విండోస్ హాయిగా చూపిస్తుంది. ఎక్సెల్ కూడా ఆ ఫోల్డర్‌లోని ఫైలును మామూలుగానే తెరుస్తుంది. వీబీఏలో ఫైళ్లను వెతకడానికి వాడే డిర్ అనే పాత ఫంక్షన్‌కు మాత్రం ఆ పేరు చదవడం రాదు. అది యూనికోడ్ ముందరి కాలపు పద్ధతిలో, భాషకో కోడ్ పేజీ, అంటే అక్షరాల పట్టిక, ఉన్నప్పటి లెక్కలో నడుస్తుంది. విండోస్‌లో తెలుగుకు అలా పనికొచ్చే కోడ్ పేజీ లేదు. దాంతో గిలకలదిండి పది ప్రశ్నార్థకాలై వస్తుంది. మన కంటికి ఆరక్షరాలే. కంప్యూటర్ గుడినీ సున్నానూ విడివిడిగా లెక్కపెడుతుంది కాబట్టి పది. ఇంకో తిప్పలుంది: డిర్‌లో ప్రశ్నార్థకానికి 'ఏ అక్షరమైనా సరే' అని అర్థం. ఆ పేరును మళ్లీ డిర్‌కే ఇస్తే పది అక్షరాల పేరున్న వేరే ఫైలు దేన్నో పట్టుకొచ్చినా ఆశ్చర్యం లేదు.

కోడు రాసే కిటికీలోనూ తెలుగు టైపు చేస్తే ప్రశ్నార్థకాలే పడతాయి. పని తెలిసినవాళ్లు తెలుగు పేర్లను కోడులో రాయరు, షీటులో ఒక సెల్‌లో రాసి అక్కడి నుంచి చదివిస్తారు. వెతకడానికి డిర్ బదులు ఫైల్‌సిస్టమ్‌ఆబ్జెక్ట్ వాడతారు. దానికి యూనికోడ్ వచ్చు. అయినా కంటికి కనపడని శత్రువు ఒకటి మిగులుతుంది. 'హార్బర్' అని టైపు చేసినప్పుడు కొన్ని కీబోర్డులు చివర కనపడని ఒక గుర్తు కూడా పెడతాయి, పొల్లు పక్క అక్షరంతో కలవకుండా ఆపడానికి. గుర్తు ఉన్న హార్బర్, లేని హార్బర్ తెర మీద ఒకేలా ఉంటాయి. మాక్రోకు మాత్రం అవి రెండు వేర్వేరు పేర్లు.

ఈ తలనొప్పంతా ఎందుకని చాలామంది పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టేస్తారు. దానితో తీరేదేమీ లేదు. ఒకరు బందరు అంటారు, ఒకరు మచిలీపట్నం అంటారు, పాత కాగితాల్లో మసులిపటం కూడా దొరుకుతుంది. గిలకలదిండి చివర 'డి' దగ్గర ఒకరు హెచ్ కలుపుతారు, ఒకరు కలపరు. మన ఊరి పేరు మన లిపిలో రాసుకునే హక్కును పాతకాలపు ఒక ఫంక్షన్ కోసం వదులుకోవడం నాకు నచ్చదు. అయితే ఒక్కటి గుర్తుంచుకోవాలి. పాత్ మొత్తం 218 అక్షరాలు దాటితే ఎక్సెల్ ఫైలు తెరవనంటుంది, గుడులూ కొమ్ములూ కూడా ఆ లెక్కలోకే వస్తాయి.

పేర్లు స్థిరమని నమ్మడం ఇంకో పొరపాటు. 1923లో బందరులో పుట్టిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయి, కృష్ణాలో ఉన్న కైకలూరు ఏలూరు జిల్లాలోకి వెళ్లింది. చేపల చెరువుల లెక్కలను 'కృష్ణా\కైకలూరు' అని ఫోల్డర్లలో పెట్టుకున్నవాళ్లు ఆ మాటను మాక్రోలో పది చోట్ల రాసి ఉంటే పది చోట్లా దిద్దుకోవాలి. 'సెట్టింగ్స్' అని ఒక షీటు పెట్టి, అందులో ఒక్క సెల్‌లో రాసుకున్నవాళ్లకు ఒక్క దిద్దుబాటు చాలు.

వన్‌డ్రైవ్ వచ్చాక దిస్‌వర్క్‌బుక్.పాత్ కూడా మునుపంత నమ్మకంగా లేదు. ఫైలు కంప్యూటర్‌లోనే ఉన్నట్టు కనిపిస్తుంది, పాత్ అడిగితే మాత్రం హెచ్‌టీటీపీఎస్‌తో మొదలయ్యే వెబ్ చిరునామా వస్తుంది, డిర్‌కు అది మింగుడు పడదు. అలాంటప్పుడు ఫోల్డర్‌ను మనిషినే ఎంచుకోమని కిటికీ తెరిచి అడగడం మేలు. అతను క్యాన్సిల్ నొక్కే అవకాశాన్ని కూడా కోడులో చూసుకోవాలి.

లక్షలు పోసి సాఫ్ట్‌వేర్ కొనలేని ఐసు ఫ్యాక్టరీలకూ, రొయ్యల కొనుగోలుదార్లకూ, పెడన కలంకారీ దుకాణాలకూ ఈ మాక్రోలే గుమాస్తాలు. రాసినవాళ్లు ఉద్యోగం మారి వెళ్లిపోయినా అవి నడవాలి. మీ ఆఫీసులో అలాంటిదొకటి ఉంటే ఇవాళే ఆల్ట్, ఎఫ్11 కలిపి నొక్కి కోడు తెరవండి. కంట్రోల్ ఎఫ్ కొట్టి, కరెంట్ ప్రాజెక్ట్ ఎంచుకుని, 'సి:\' కోసం వెతకండి. దొరికిన ప్రతిచోటా ఆ పాత్ మొత్తాన్నీ తీసేసి సెట్టింగ్స్ షీటులోని సెల్‌ను చదివించండి. ముందుగా ఫైలుకు ఒక కాపీ తీసి పక్కన పెట్టుకోవడం మరవకండి.