పిన్నుల సంఖ్యలు: ఒక విమర్శ

యంత్రములో ఇమిడియుండు చిన్న కంప్యూటరునకు దీపమును, మీటను, ఉష్ణమాపకమును కలుపునవి పిన్నులు. వానిని నడపు ప్రోగ్రామునకు డ్రైవరని పేరు. ఏ పిన్నును నడపవలెనో డ్రైవరునకు సంఖ్యతో తెలుపుట వాడుక. ఆ సంఖ్య ఏ లెక్కలోనిదో చెప్పకుండుటయే ఈ వాడుకలోని దోషము.

గంజాము సీమవారికి ఇట్టి చిక్కు క్రొత్తది కాదు. చమఖండి పరిసరముల ఒకే పొలమునకు ఊరివారి నోట నొక పేరు, 1936కు పూర్వపు మద్రాసు కాగితములలో నొక సర్వే నంబరు, ఒడిశా రికార్డులలో మరియొక ప్లాటు నంబరు ఉండవచ్చును. నేల మారలేదు, లెక్క మారినది. ఏ రికార్డుదో చెప్పని నంబరు తగవునకు మూలము.

2012లో వెలువడిన రాస్ప్‌బెర్రీ పై కంప్యూటరును చూడుడు. దాని వరుసలో 12వ పిన్ను, లోని బ్రాడ్‌కామ్ చిప్పు లెక్కలో 18. వైరింగ్‌పై అను లైబ్రరీ లెక్కలో 1. అంతకంటె అపాయకరమైనది 4. చిప్పు లెక్కలోని 4, వరుసలో 7వది. వరుసలోని 4వది 5 వోల్టుల విద్యుత్తు నిచ్చునది. చిప్పు పిన్నులు 3.3 వోల్టులకే తగినవి. పాఠమున వట్టి 4 అని చదివి తీగ తగిలించిన విద్యార్థి పరికరమును పాడుచేసినచో, తప్పు వానిది కాదు, పాఠము వ్రాసినవారిది.

ఒకే లెక్కను పట్టుకొన్నను స్థిరత లేదు. 2012లోనే బోర్డు రెండవ కూర్పున, వరుసలోని 13వ పిన్ను చిప్పు లెక్కలో 21 నుండి 27 అయ్యెను. లైనక్సు 6.6 కెర్నెలుతో రాస్ప్‌బెర్రీ పై యందు యంత్రమంతటి లెక్క 512 నుండి మొదలగుటచే, పాత పద్ధతిని 17 అని అడుగు ప్రోగ్రాములు 529 అని అడుగవలసి వచ్చెను.

2014 నాటి 3.13 కెర్నెలులో చేరిన పద్ధతి ఇంతకంటె శ్లాఘ్యము. అందు డ్రైవరు సంఖ్య నెరుగదు. రీసెట్ మొదలగు పని పేరుతోనే పిన్నును కోరును. ఆ పేరునకు ఏ చిప్పున ఎన్నవ పిన్నో, అది ఏ స్థితిలో పనిచేయునో డివైస్ ట్రీ అను పట్టిక తెలుపును. బోర్డు మారినచో పట్టికను దిద్దిన చాలును.

ఒక్క దీపమును వెలిగించుటకు ఇంత ఏర్పాటేల యని ఆక్షేపింపవచ్చును. అది కొంత న్యాయమే. పట్టికలో తప్పు వ్రాసినచో పేరు రక్షింపదనుటయు నిజమే. అయినను అప్పుడు దిద్దవలసిన చోటు ఒక్కటే యగును.

కావున డ్రైవరున పేరును, పట్టికలో సంఖ్యను నిలుపుట యుక్తము. తెలుగున పాఠములు వ్రాయువారు చిప్పు లెక్కలో 4, వరుసలో 7 అని రెంటిని తెలుపుట విధి. ఆ నాలుగు మాటలు పిల్లవాని పరికరమును, అంతకుమించి వాని ఉత్సాహమును కాపాడును.