ఏ ఊరి గాంధీనగర్?

"సార్, వీపీఎన్ కలిసింది. సర్వర్ మాత్రం తెరుచుకోవట్లేదు." సోమవారం పొద్దున్నే అకౌంట్స్ అమ్మాయి ఫోన్. ఆ రోజు ఇంటి నుంచి పని. ఆఫీసులో ఆ ల్యాప్‌టాప్ ఏనాడూ మొరాయించింది లేదు. నల్ల విండో తెరిపించి, ఐపీకాన్ఫిగ్ కొట్టించి, వచ్చిన అంకెలు చదవమన్నాను. 192.168.1.7. మా ఫైల్ సర్వరేమో 192.168.1.20. ఇంట్లోనూ ఆఫీసులోనూ ఒకే వరస. ఇక చెప్పేదేముంది!

ల్యాప్‌టాప్ తప్పేం లేదు పాపం. 20వ నంబరు పక్కగదిలోనే ఉందనుకుని ఇంట్లోనే పిలుస్తోంది, వీపీఎన్ వైపు తొంగి కూడా చూడట్లేదు. 1996 నాటి ఆర్‌ఎఫ్‌సీ 1918 ప్రకారం 10, 172.16–172.31, 192.168 వరసల చిరునామాలు ఎవరింట్లో వాళ్లు, ఎవర్నీ అడక్కుండా వాడుకోవచ్చు. గాంధీనగర్ లేని ఊరుందా? ఊరిపేరు రాయకపోతే ఉత్తరం ఇక్కడి గాంధీనగర్‌కే పోతుంది.

తప్పు నాదే. ఆఫీసు పెట్టిన రోజున రౌటర్‌ని డబ్బాలోంచి తీసింది తీసినట్టే, అంకెలు మార్చకుండా బిగించాను. ఆ పాపానికి రెండు ఆదివారాలు కూర్చుని అన్నిటినీ 10.73లోకి మార్చాను. కంప్యూటర్లు వాటంతటవే కొత్త చిరునామా తీసుకున్నాయి. ప్రాణం తీసినవి ప్రింటర్లు. ఒకప్పుడు ఒక్కోదానికీ చేత్తో నొక్కిపెట్టిన అంకెలు మరి. హాజరు యంత్రం వేళ్లు గుర్తుపట్టింది గానీ లెక్క పంపాల్సిన చోటు మారిందని దానికి తెలీదు. రెండ్రోజులు ఆఫీసంతా గైర్హాజరు!

రైల్వే స్టేషన్‌లో ఇంకో తంటా. ఆఫీసు ల్యాప్‌టాప్‌లన్నిటినీ వీపీఎన్ లేనిదే ఒక్క పేజీ కూడా కదలకుండా బిగించాను. స్టేషన్ వైఫైకి ముందు ఫోన్ నంబరు, ఓటీపీ పేజీ కావాలి. వీపీఎన్ కలిస్తే గాని పేజీ రాదు, పేజీ వస్తే గాని వీపీఎన్ కలవదు. పిచ్చి కుదిరితే గాని పెళ్లి కుదరదు, పెళ్లి కుదిరితే గాని పిచ్చి కుదరదు! మావాళ్లు ఫోన్ హాట్‌స్పాట్ పెట్టుకుని నన్ను తిట్టుకున్నారు. నిజానికి అదే నయం, ఇప్పుడు నేనూ అదే చెబుతున్నాను.

కొత్త నెట్‌వర్క్ తగిలినప్పుడు ఇది పబ్లిక్కా, ప్రైవేటా అన్న విండోస్ సెట్టింగ్‌ని చదివి నొక్కేవాళ్లు తక్కువ. అందుకే ఆ ఎంపికే తీసేశాను. మా ఆఫీసు డొమైన్ కనబడిందా, సరే. కనబడలేదా, ఏ వైఫై అయినా పబ్లిక్కే, ఫోల్డర్ల తలుపులు మూతే.

మర్నాడే అకౌంట్స్ అమ్మాయి మళ్లీ ఫోన్. "సార్, మా ఇంట్లో ప్రింటర్ కనబడట్లేదు. పైగా ఇది పబ్లిక్ నెట్‌వర్క్ అంటోంది. మా ఇల్లు పబ్లిక్ ఎలా అవుతుంది సార్?"