కరువు తీర్పు కాదు

మా తాడిపత్రి చుట్టుపక్కల ఊళ్లలో శెనక్కాయ విత్తి, మొలక పైకి వచ్చాక వాన మొహం చాటేస్తే, పెద్దలు రామాలయంలోనో ఆంజనేయస్వామి గుడిలోనో మహాభారతంలోని విరాటపర్వం పెట్టిస్తారు. రాత్రి భోజనాలయ్యాక జనం చేరతారు. ఒకరు రాగం తీసి పద్యం చదువుతారు, పక్కనున్నవారు అర్థం చెబుతారు. ఉత్తర గోగ్రహణం దాటి అభిమన్యుడి పెళ్లి దాకా వచ్చేలోపు నేల తడవాలని మొక్కు. అర్థం చెప్పే పీట మీద నేను ఏళ్ల తరబడి కూర్చుంటున్నాను. దేవుడి గురించి, కష్టం గురించి నేనేం నమ్ముతున్నానో నాకు తెలిసొచ్చింది ఆ పీట మీదే.

పద్దెనిమిది పర్వాలలో వాన కోసం దీన్నే ఎందుకు చదువుతారంటే, భీష్ముడి మాట ఒకటి ఉంది ఇందులో. పాండవుల అజ్ఞాతవాసం గడువు ముగియవస్తోంది. దుర్యోధనుడి వేగులు ఊరూరా వెతికి వట్టి చేతులతో తిరిగొచ్చారు. అప్పుడు నిండు సభలో భీష్ముడు అంటాడు: ధర్మరాజు ఉన్న దేశంలో మేఘాలు వేళకు వర్షిస్తాయి, పైరు నిండుగా పండుతుంది, పాడి పొంగుతుంది, ఆ గుర్తులున్న చోట వెతకండి. కరువు సీమ ఈ మాటను గుండెకు హత్తుకుంది. ఆ కథ వినిపిస్తే ఆ మేఘం మన మీదికీ వస్తుందని తరతరాలుగా నమ్మింది.

ఒక ఏడు ఈ ఘట్టానికి అర్థం చెబుతుంటే, ముందు వరసలో కూర్చున్న ఒక ముసలమ్మ నన్ను ఆపింది. "నాయనా, ధర్మరాజు యాడుంటే ఆడ వాన పడ్తాదని చెప్తివి గదా. మా ఊర్లో పడలేదంటే, మాలో ఒగ మంచోడు గూడ లేడనేనా?"

ఎవరూ నవ్వలేదు. ఆ ప్రశ్న అక్కడున్న అందరిదీ. "మనం చేసుకున్న పాపం" అనే మాట మా వైపు ఎండిన ప్రతి చేను గట్టు మీదా వినిపిస్తుంది. బోరు ఎండితే పాపం, బిడ్డ పోతే పాపం, అప్పు పెరిగితే పాపం. దెబ్బ తిన్నవాడే తప్పు చేసినవాడు కూడా అయిపోతాడు.

అనంతపురం జిల్లాలో ఏడాదికి పడేది సుమారు 550 మిల్లీమీటర్ల వాన. నైరుతి మబ్బులు పడమటి కనుమల మీదే కురిసేసి, మా పీఠభూమికి వచ్చేసరికి తేలిపోతాయి. ఈశాన్య మబ్బులకు ఇంత లోపలికి వచ్చేసరికి బలం తగ్గిపోతుంది. ఇది బడిపిల్లలకు కూడా తెలుసు. కానీ ఆ తల్లి అడిగింది మబ్బుల దారి గురించి కాదు. దేవుడి పుస్తకం మా మీద నేరం మోపుతోందా అని. దానికి జవాబు ఆ పుస్తకంలోనే వెతకాలనుకున్నాను.

మొదట చూడవలసింది, ఆ మాట ఎవరు ఎవరితో ఎక్కడ అన్నారన్నది. పాండవులను పట్టుకుని మళ్లీ అడవికి పంపాలని చూస్తున్న సభలో, మనవడి గుణం చెప్పకుండా ఉండలేక తాత అన్న మాట అది. ఏ ఊరి మంచిచెడ్డలూ కొలవడానికి ఆయన ఆ మాట అనలేదు.

ఇక, పాండవులు తలదాచుకున్న, వానలు కురిసి పంటలు పండిన ఆ విరాటుడి రాజ్యంలో జరిగిందేమిటి? కీచకుడు ద్రౌపదిని తరిమి, రాజు కళ్లెదుట సభలో తన్నాడు. న్యాయం చెప్పమని ఆమె అడిగితే, బావమరిదిని ఏమీ అనలేక విరాటుడు ఊరుకున్నాడు. వాన పడటం ధర్మానికి రుజువైతే, ఆ సభ ధర్మసభ కావాలి. కాలేదు. నిండిన చెరువు పక్కన కూడా అన్యాయం జరుగుతుందని, పచ్చటి పొలం దాని యజమానికి యోగ్యతాపత్రం కాదని విరాటపర్వమే చూపిస్తోంది. అలాంటప్పుడు ఎండిన చేను శిక్షాపత్రం ఎలా అవుతుంది?

మరో ఘట్టం నన్ను ఇంకా లోతుగా కదిలించింది. గోగ్రహణంలో కొడుకు ఉత్తరుడు గెలిచాడని విరాటుడు పొంగిపోతుంటాడు. బృహన్నల (మారువేషంలోని అర్జునుడు) తోడుండగా గెలవక ఏమవుతాడని కంకుభట్టు వేషంలోని ధర్మరాజు అంటాడు. రాజుకు కోపం వచ్చి చేతిలోని పాచికను ఆయన ముఖాన కొడతాడు. నెత్తురు కారుతుంది. ధర్మరాజు దాన్ని నేల మీద పడనీయకుండా దోసిట పడతాడు. ద్రౌపది పాత్ర తెచ్చి అందుకుంటుంది. ఆ నెత్తురు నేలకు తగిలితే కొట్టినవాడి రాజ్యానికే కీడని వాళ్లకు తెలుసు.

ఇక్కడ దెబ్బ తిన్నవాడు ఏ తప్పూ చేయలేదు. పైగా తనను కొట్టినవాడి నేలను కాపాడింది అతడే. భీష్ముడి మాటను ఇప్పుడు నేను ఈ ఘట్టం వెలుగులో చదువుతాను. ఒక దేశం నిలబడేది, పేరు తెలియని మంచివాళ్లు కష్టాన్ని భరిస్తూ కూడా ఇతరులకు కీడు తలపెట్టకుండా ఉండటం వల్ల. ఆ తల్లికి నేనిచ్చిన జవాబూ ఇదే. "అమ్మా, మీ ఊర్లో ధర్మరాజు లేక కాదు. ధర్మరాజుకు కూడా దెబ్బలు తప్పలేదు. ఆయన వంటివాళ్లు ఈ వరసల్లోనే కూర్చుని ఉన్నారు."

అది ఓదార్పు కోసం అన్న మాట కాదు. అజ్ఞాతవాసమంటే ఏమిటో మా జనానికి పండితులకన్నా బాగా తెలుసు. చక్రవర్తి రాజుకు పాచికలాడే తోడయ్యాడు. భీముడు వలలుడై వంటచేశాడు. నకులుడు గుర్రాలను, సహదేవుడు ఆవులను కాశారు. రాణి మరో రాణికి జడలు వేసింది. కాపు తప్పిన ఏడు మా రైతు కూడా ఇంటికి తాళం వేసి బెంగుళూరు పోతాడు. అక్కడ కడుతున్న ఇంటికి కావలి కాస్తాడు, ఇసుక మోస్తాడు. ఊర్లో పదిమందికి తీర్పు చెప్పిన మనిషి అక్కడ పేరు లేని కూలీ. అతని భార్య పరాయి ఇంట్లో అంట్లు తోముతుంది. ఈ పర్వం మాకు మరోలా కూడా దగ్గరిది. దీన్ని తిక్కన తెలుగు చేసింది 13వ శతాబ్దంలో, మా పెన్న కిందికి పోయి చేరే నెల్లూరులో, మనుమసిద్ధి కొలువులో ఉండగా. పదిహేను పర్వాల పని ఆయన దీనితోనే మొదలుపెట్టి, శివకేశవులు ఒక్కటైన హరిహరనాథుడికి అంకితమిచ్చాడు. ఏటి గట్టున బుగ్గ రామలింగేశ్వరుడూ ఊళ్లో చింతల వెంకటరమణుడూ ఉన్న తాడిపత్రికి ఆ దేవుడు కొత్తవాడు కాదు.

కష్టం గురించి భారతం మరింత సూటిగా మాట్లాడేది అరణ్యపర్వంలో. ధర్మం తప్పని నీకు ఈ అడవేమిటి, అధర్మం చేసినవాడికి ఆ సింహాసనమేమిటి అని ద్రౌపది భర్తను నిలదీస్తుంది. విధాతనే తప్పుపడుతుంది. వ్యాసుడు ఆమె నోరు మూయించలేదు, ఆమె వాదాన్ని పూర్తిగా వినిపించాడు. ధర్మరాజు జవాబు ఇది: నేను ఫలం కోసం ధర్మం చేయడం లేదు, చేయవలసినది గనక చేస్తున్నాను; ధర్మంతో బేరం చేసేవాడు ధర్మం పేరెత్తేవాళ్లలో అధముడు. ఆ మాట చదివాక, వానకు బదులుగా పారాయణం అనే లెక్క నా మనసులోంచి తొలగిపోయింది. భక్తి మాత్రం తగ్గలేదు. ఇచ్చిపుచ్చుకోవడాలు పోయిన చోట దానికి ఊపిరాడింది.

బైబిల్లో యోబు కథ కూడా ఇదే చెబుతుంది. సంపదా సంతానమూ పోయి, ఒళ్లంతా కురుపులతో బూడిదలో కూర్చున్న యోబు దగ్గరికి ఎలీఫజు, బిల్దదు, జోఫరు అనే మిత్రులు వచ్చి, నువ్వేదో పాపం చేసి ఉంటావని వాదిస్తారు. చివర్లో దేవుడు కోపగించుకున్నది ఆ ముగ్గురి మీద. ప్రశ్నించిన యోబే తన గురించి యుక్తంగా మాట్లాడాడంటాడు.

కర్మఫలమన్న మాట మన గ్రంథాల్లో లేదా అని పెద్దలు అడుగుతారు. ఉంది. మనిషి తన నడతను తాను సరిచూసుకోవడానికి ఉందని నా నమ్మకం. ఎదుటివాడి కన్నీళ్లకు లెక్క కట్టడానికి దాన్ని వాడితే, యోబు మిత్రుల పక్కన కూర్చున్నట్టే.

కష్టానికి కారణం అడగకూడదని నా ఉద్దేశం కాదు. అడగవలసింది వేరే వాళ్లను. ధాత కరువు, అంటే 1876-78 నాటి మహా కరువు, అప్పట్లో బళ్లారి జిల్లాలో ఉన్న మా సీమను ఊడ్చేసింది. మనుషులు రాలిపోతున్నా దేశం నుంచి ధాన్యం ఓడలెక్కుతూనే ఉంది. రిచర్డ్ టెంపుల్ దొర కరువు పనుల కూలీకి రోజుకు ఒక పౌను తిండిగింజలు, దానిపైన ఒక అణా చాలన్నాడు. వాన ఆపింది ఆకాశం కావచ్చు, చావులను అన్ని లక్షలు చేసింది పాలన. భీష్ముడి మాటలోనూ వానకూ పంటకూ ముడిపడి ఉన్నది రాజు నడతే. కనుక ఆ మాట ఎవరినైనా నిలదీస్తే, కాలువకు నీళ్లు వదలవలసినవాళ్లను, ఏటి ఇసుకను తోడుకుపోతుంటే చూస్తూ ఊరుకున్నవాళ్లను నిలదీయాలి. విత్తనం అప్పు తెచ్చి నాటినవాణ్ణి కాదు.

వచ్చే కారులో మీ ఊళ్లో విరాటపర్వం పెడితే, అర్థం చెప్పేవారికి నాదొక మనవి. గోగ్రహణం మీద ఆత్రంతో కీచకుడి సభను దాటేయకండి. ద్రౌపది అడిగిన ప్రశ్నలన్నీ వినిపించండి. ధర్మరాజు దోసిలి దగ్గర కాసేపు ఆగండి. కరువు మీ పాపం కాదని అందరికీ వినపడేలా చెప్పండి. తర్వాత వాన పడినా పడకపోయినా, వలస పోయిన ఇళ్లలోని ముసలివాళ్లకు ఆ పూట బువ్వ ఉందో లేదో కనుక్కోండి. అది కూడా పారాయణంలో భాగమే.