అడవి పాఠంలో గొడ్డలి మనిషి

ఏటూరునాగారం అభయారణ్యం అంచున ఉన్న మా బడికి పోయిన ఎండాకాలం ముందు ఇద్దరు ఇంటర్న్‌లు వచ్చారు. పర్యావరణశాస్త్రం చదివే పట్నం అమ్మాయిలు. ఆరు వారాలు పిల్లలకు అడవి పాఠాలు చెప్పాలి, అది వాళ్ల చదువులో భాగం. మంచి పిల్లలే. ఎండలో తిరిగారు, మాతోపాటు బడి అన్నమే తిన్నారు. నా పేచీ వాళ్లతో కాదు, వాళ్ల చేతికిచ్చి పంపిన బొమ్మల చార్టుతో.

మొదటి బొమ్మలో పచ్చటి అడవి, పులి, జింకలు. మనిషి జాడ లేదు. రెండో బొమ్మలో మోడులు, మంట, గోచీ కట్టి గొడ్డలి పట్టిన మనిషి. "అడవికి శత్రువు ఎవరు?" అని ఒకమ్మాయి అడిగింది. మూడో తరగతి పిలగాడు లేచి "మా నాయన" అన్నాడు. అందరూ నవ్వారు. వాడు నవ్వలేదు. వెనక నిలబడ్డ నేను నోరు మెదపలేదు. ఆ సిగ్గు ఇంకా పోలేదు.

చార్టు చెప్పేదంతా అబద్ధమని అనను. ఇప్పపువ్వు ఏరడానికి చెట్టు కింద ఆకు తగలబెడతాం, ఆ నిప్పు ఒక్కోసారి అడవిలోకి పాకుతుంది. అది మన తప్పే. అయితే చెట్టు కింద పాత చీరలు పరిస్తే నిప్పుతో పనిలేదని చూపే బొమ్మ అందులో లేదు. పండుగ చేసి వేల్పుకు పెట్టేదాకా కొత్త మామిడి ముట్టని కోయ కట్టుబాటు లేదు. మేడారం ఈ అభయారణ్యంలోనే ఉంది, జాతర వదిలిపోయే ప్లాస్టిక్ మాత్రం చార్టులో లేదు. 2024 ఆగస్టు ఆఖరున తాడ్వాయి అడవిలో పెనుగాలికి వేల చెట్లు కూలాయి. అక్కడ గొడ్డలి ఎవరిది? అడవినీ జంతువులనీ కాపాడే అధికారం 2006 అటవీ హక్కుల చట్టం, 5వ సెక్షన్‌లో, గ్రామసభకు ఇచ్చింది. అంటే ఆ పిలగాడి నాయనకూ అందులో చోటుంది. ఈ మాట చార్టు రాసినవాళ్లకు తెలియదా, అక్కర్లేదా?

ఆరు వారాల్లో నాకు నచ్చిన పాఠం ఒక్కటే. వాగు ఒడ్డున ఏదో పిట్ట కూసింది. "ఇదేంటో నాకు తెలీదు" అంది చిన్నమ్మాయి. పదిమంది ఒకేసారి కోయలో పేరు చెప్పారు. గూడు ఎక్కడ కడుతుందో, ఏం తింటుందో చెబుతుంటే ఆమె రాసుకుంటూ కూర్చుంది. ఆ పూట చార్టు విప్పలేదు.

పోతూ పోతూ చార్టును బడికే ఇచ్చారు. రెండో బొమ్మను పిల్లలతో మళ్లీ గీయిస్తున్నాను. గొడ్డలి తీసేయలేదు, ఇంటికి వాసాలు కావాలి కదా.