ఊరి పేరు పడిన వార్త

గోదావరి పొంగిందంటే టీవీలన్నీ భద్రాచలం పరుగెత్తుతాయి. 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఈ మూడు అంకెలూ మనందరికీ కంఠతా వచ్చు. ఎగువన ఉన్న ఏటూరునాగారానికి మాత్రం వాటితో పని జరగదు. అక్కడివాళ్లు రామన్నగూడెం పుష్కరఘాట్ దగ్గర నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయని అడుగుతారు. కరకట్ట ఆగుతుందా, ఏ ఊరి దారి మునిగింది, వాజేడు వైపు బస్సు పోతుందా అని అడుగుతారు. వీటికి జవాబు మండలంలో తిరిగే విలేకరి దగ్గరే దొరుకుతుంది. హైదరాబాదులో కూర్చున్న సబ్ ఎడిటర్ ఎంత గట్టివాడైనా చెప్పలేడు.

మండల వార్తను మన పత్రికారంగంలో చాలాకాలం చిన్నచూపు చూశారు. పింఛను రాలేదు, బోరు చెడింది, ఎద్దు పిడుగుపాటుకు చచ్చింది... ఇదీ ఒక వార్తేనా అని. నా లెక్కలో ఇది పత్రికా రచనలో అన్నిటికన్నా కష్టమైన పని. రాజధానిలో తప్పు రాసినవాడికి పాఠకుడు ఉత్తరం రాస్తాడు. మండల విలేకరినైతే పొద్దున్నే చాయ్ హోటల్ దగ్గర పట్టుకుంటాడు. చావు వార్తలో ఇంటిపేరు తప్పు పడితే ఆ ఇంటి ముందు నుంచే రోజూ బండి మీద పోవాలి.

వరద వార్తనే తీసుకోండి. మేడిగడ్డ బ్యారేజీ నుంచి ఎంత నీరు దిగువకు పోతోందో రాస్తే సరిపోదు. ఇంద్రావతి వచ్చి గోదావరిలో కలిసేది మేడిగడ్డ దాటాకే. బస్తర్ అడవుల్లో కురిసిన వాన ఆ లెక్కలోకి రాదు. కనుక పేరూరు దగ్గర కేంద్ర జలసంఘం చూపే మట్టం కూడా అడగాలి, దాన్ని గంటగంటకూ పోల్చుకోవాలి. ఇదంతా చేసినా ఒక్కోసారి ప్రమాదం ఇంకోవైపు నుంచి వస్తుంది. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరి అందరినీ వణికించింది. మరుసటేడు మనుషుల్ని మింగింది వాగు. 2023 జులై 27న జంపన్నవాగు ఏటూరునాగారం మండలంలోని కొండాయి ఊరి మీద పడింది. ఎనిమిది మంది పోయారు. అదే జిల్లాలో, వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో, 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన కురిసింది. తెలంగాణలో ఒక్కరోజులో అంత వాన అంతకుముందు నమోదు కాలేదు. పెద్ద నది మట్టం చూస్తూ కూర్చున్నవాడికి వాగు సంగతి తెలియదు. వాగు పక్కన ఎవరెవరి ఇళ్లున్నాయో, ఏ కల్వర్టు మీద మోకాలిలోతు వస్తే ఊరికి దారి తెగుతుందో ముందే తెలిసినవాడు ఒక మాట ముందుగా రాయగలడు. వాన వెలిశాక మొదలయ్యే పని ఇంకోటి ఉంది. పరిహారం అందిందా, ఇళ్లు లేచాయా, వంతెన ఎందాకా వచ్చిందని నెలనెలా అడుగుతూ పోవాలి. పెద్ద పేపర్లకు అప్పటికి ఆ ఊరి పేరు కూడా గుర్తుండదు.

గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) కార్యాలయంలో సోమవారం జరిగే గిరిజన దర్బార్ ఇంకో పాఠం. ఎన్ని దరఖాస్తులు వచ్చాయో అధికారులే ప్రెస్ నోట్ ఇస్తారు. అది అచ్చయితే అచ్చవుతుంది. కాగితం పట్టుకుని వరుసలో నిల్చున్న మనిషి ఎన్నోసారి వచ్చాడో కనుక్కుంటేనే అది వార్త. కోయ మాట్లాడే ముసలమ్మ తెలుగులో సగం చెప్పి సగం మింగేస్తుంది. కోయ వచ్చిన విలేకరికి ఆ మిగతా సగం కూడా దొరుకుతుంది. అలాంటివాళ్లు ఇంకా చాలరు.

ఊరి వార్త రాసే ఈ విద్యకు పాత వరంగల్ జిల్లాలోనే గొప్ప వారసత్వం ఉంది. 1922లో ఇనుగుర్తి అనే పల్లె నుంచి ఒద్దిరాజు సోదరులు సీతారామచంద్రరావు, రాఘవ రంగారావు ‘తెనుగు’ అనే వారపత్రిక నడిపారు. నిజాం రాజ్యంలో తెలుగు చదువుకే దిక్కులేని రోజులవి. ఊళ్లోనే అచ్చుయంత్రం పెట్టుకున్నారు. రాసేదీ, అక్షరాలు పేర్చేదీ, అచ్చు తీసేదీ వాళ్లే. కొన్నేళ్లే నడిచినా, పత్రిక పట్నంలోనే పుట్టాలన్న నియమం ఏదీ లేదని అప్పుడే తేలిపోయింది.

తర్వాత చాలాకాలం పల్లెలు పేపర్లో అరుదుగానే కనబడ్డాయి. 1974లో విశాఖలో మొదలైన ఈనాడు 1989లో జిల్లా అనుబంధాలు తెచ్చాక లెక్క మారింది. ప్రతి మండలానికీ ఒక విలేకరి, ప్రతి ఊరి పేరుకూ ఎప్పుడో ఒకప్పుడు చోటు. మిగతా పత్రికలూ అదే దారి పట్టక తప్పలేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మీద తిరగబడితే ఆ కబురు పక్క ఊళ్లకు పాకడంలో ఈ స్థానిక పేజీల చలవ చాలా ఉంది. మూడేళ్లు తిరగకుండానే రాష్ట్రంలో మద్యనిషేధం వచ్చింది.

ఏటూరునాగారం లాంటి చోట్ల నుంచి అప్పట్లో వార్త బస్సెక్కి వెళ్లేది. రాసిన కాగితాలూ ఫొటోలూ కవర్లో పెట్టి ఆర్టీసీ డ్రైవరు చేతికిస్తే వంద కిలోమీటర్లు దాటి వరంగల్ చేరేవి. సాయంత్రం బస్సు తప్పితే వార్త మర్నాటికి పాతబడేది. డబ్బులంటారా, లైన్ అకౌంట్. అచ్చయిన ముక్కలు కత్తిరించి, అతికించి, స్కేలుతో కొలిచి పంపితే వచ్చేది పెట్రోలుకు కూడా చాలేది కాదు. పైగా పండక్కీ పంద్రాగస్టుకీ ప్రకటనల టార్గెట్. ఎవరి మీద రాయాలో వాళ్ల దగ్గరే ప్రకటన అడగాలి. ఈ వృత్తిని లోపలి నుంచి తినేసిన పురుగు అదే. దాన్ని సర్దుకుపోవాల్సిన చిన్న ఇబ్బందిగా చెప్పేవాళ్లతో నేను ఏకీభవించలేను.

ఇప్పుడు కవరూ లేదు, బస్సూ అక్కర్లేదు. ఫోన్లో నిమిషంలో వార్త ఊరంతా తిరుగుతుంది. పోయినేటి వరద వీడియో కూడా ఇవాళ్టిదై తిరుగుతుంది. తారీఖు, గంట, చూసిన చోటు, చెప్పిన మనిషి — ఈ నాలుగూ రాయడం పాత విలేకరులకు అలవాటు. కొత్తగా చేతికి ఫోన్ వచ్చినవాళ్లు వాళ్ల దగ్గర నేర్చుకోవాల్సిన మొదటి పని కూడా ఇదే.

మరి ఇంత చేసినవాడికి మిగిలేదేమిటి? వానరాత్రి ఫోన్ మోగుతుంది. వాగు దాటొచ్చా అన్నా, 108 బండి మీ దగ్గర బయల్దేరిందా, మా పిల్ల హాస్టల్ వైపు నీళ్లొచ్చాయట నిజమేనా అని అడుగుతారు. తహసీల్దారు కార్యాలయానికి చేసే ముందు అతనికి చేస్తారు. ఆ రాత్రి చెప్పిన జవాబుల్లో ఒక్కటీ అచ్చులోకి రాదు, స్కేలుకు దొరకదు. విలేకరి పని మానేసి కిరాణా కొట్టు పెట్టుకున్నవాళ్లకు కూడా ఆ ఫోన్లు ఆగవు. నంబరు మార్చుకోమని ఇంట్లోవాళ్లు అంటే మాత్రం ఒప్పుకోరు.