కారణం: తెలియదు

షుగరుందా? బీపీ ఉందా? నొప్పిమాత్రలు ఎక్కువగా మింగేవారా? ఉద్దానం ప్రాంతం నుంచి వచ్చే కిడ్నీ రోగుల కేసుషీట్లు రాయడం మొదలుపెట్టిన కొత్తలో నేనడిగినవి ఇవే. చాలామంది లేదనేవారు. కింద ‘కారణం: తెలియదు’ అని రాసి, తర్వాతి వారిని పిలిచేవాణ్ణి.

ఒకరోజు కవిటి వైపు జీడితోటల్లో పనిచేసే మనిషి వచ్చాడు. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తంలో 4 దాటింది. "నానూ మా తమ్ముడూ ఒక్క నూతి నీళ్ళే తాగినాం బాబూ. ఒక్క తోటలోనే పనిచేసినాం. ఆడికి రానేదు, నాకొచ్చింది. మరేటి?" అన్నాడు. తెలియదని కాగితం మీద రాయగలిగిన నేను ఆయన మొహం చూసి ఆ మాట అనలేకపోయాను. ఉప్పు తగ్గించమని చెప్పి పంపేశాను. ఆ తప్పు నన్నింకా బాధిస్తుంది.

నీళ్ళలోని సిలికా, లోహాలు, పురుగుమందులు, ఎండలో పనిచేసేటప్పుడు ఒంట్లో నీరు తగ్గిపోవడం, వంశంలో వచ్చే లక్షణాలు... పరిశోధకులు అన్నీ వెతికారు. ఇదీ అని తేలలేదు. శ్రీలంక వరిరైతులనూ, నికరాగ్వా చెరకు కూలీలనూ పీడిస్తున్న ఇలాంటి జబ్బుదీ ఇదే కథ. పైగా మూత్రపిండాలు చాలావరకు దెబ్బతినేదాకా నొప్పి ఉండదు. నిన్నటిదాకా కొబ్బరిచెట్టెక్కిన మనిషికి ఒక అంకె చూపించి నువ్వు రోగివంటే ఎలా నమ్ముతాడు? నమ్మాక ఆ అంకె తప్ప మరేదీ చెవికెక్కదు. ల్యాబు మారితేనే క్రియాటినిన్ కాస్త అటూ ఇటూ అవుతుంది. 1.6 ఉన్నది 1.8 అయితే చాలు, ఇంటిల్లిపాదికీ ఆ రాత్రి నిద్ర ఉండదు.

ఎందువల్ల వచ్చిందనుకుంటున్నారు, దేనికి భయపడుతున్నారు అని రోగినే అడగాలని వైద్య మానవశాస్త్రవేత్త ఆర్థర్ క్లైన్‌మన్, ఆయన సహచరులు 1978లోనే రాశారు. నేను ఆలస్యంగా అడగడం మొదలుపెట్టాను. సోంపేట దగ్గరి పల్లె నుంచి వచ్చినామె నూతి నీళ్ళ వల్లేనంది. పిల్లలకు టిన్ను నీళ్ళు కొంటోంది. తాను మాత్రం నూతి నీళ్ళే తాగుతోంది. "నాకు రావాల్సింది వచ్చీసింది కదా బాబూ" అంది.

మీరూ టిన్ను నీళ్ళే తాగండమ్మా అన్నాను.

"అయితే నీళ్ళ వల్లేనని తేలిపోయిందేటి?"

"లేదమ్మా. ఎవరికీ ఇంకా తెలియదు. నాకూ తెలియదు."

ఆమె కాసేపు ఊరుకుంది. తర్వాత పెద్దకొడుక్కి రక్తపరీక్ష ఎప్పుడు చేయించాలని అడిగింది.