ధ్వనిముద్రిత వాచికం – విమర్శ ప్రమాణాలు: పాలమూరు మాట ఆధారంగా పరిశీలన

వ్యాస సంగ్రహం:

సినిమా డబ్బింగు, రేడియో నాటిక, శ్రవణ పుస్తకం వంటి రంగాల్లో గొంతుతో నటించేవారు తమ ధ్వనిముద్రణలను సాటి కళాకారులకు వినిపించి, వారి అభిప్రాయాలను బట్టి దిద్దుకుంటారు. ఈ చర్చల్లో ‘ఉచ్చారణ దోషం’, ‘యాస’ అనే రెండు మాటలు తరచు ఒకదాని స్థానంలో మరొకటి వినిపిస్తాయి. ఈ కలగలుపు వల్ల పాలమూరు వంటి ప్రాంతాల గొంతులకు ఏర్పడే నష్టాన్ని చర్చించడం, భరతుడు చెప్పిన పాఠ్యగుణాల ఆధారంగా ధ్వనిముద్రిత వాచికానికి విమర్శ ప్రమాణాలను సూచించడం ఈ వ్యాసం లక్ష్యం.

కీలక పదాలు: వాచికాభినయం, గాత్రదానం, పాఠ్యగుణాలు, కాకువు, యాస, పాలమూరు, జడ్చర్ల.

1. ఉపోద్ఘాతం:

జడ్చర్ల నాలుగు దారుల కూడలి. హైదరాబాదు నుంచి కర్నూలు మీదుగా బెంగళూరుకు పోయే 44వ జాతీయ రహదారిని, రాయచూరు నుంచి మహబూబ్‌నగర్, కల్వకుర్తి మీదుగా కోదాడకు పోయే 167వ జాతీయ రహదారి ఇక్కడే దాటుతుంది. ఉత్తరాన హైదరాబాదు ఉర్దూ, పడమట కన్నడ సరిహద్దు, దక్షిణాన రాయలసీమ, తూర్పున నల్లగొండ. ఇన్ని వైపుల మాటలు వినిపించే ఊరిలో పెరిగిన చెవికి తెలుగు ఒకే తీరుగా ఉండదని వేరే చెప్పనక్కరలేదు. ‘యాడికి’ అనే మాట రాయలసీమతో కలుపుతుంది. ‘జర’ అనే మాట ఉర్దూతో కలుపుతుంది. ‘వచ్చిండు’ అనే క్రియారూపం మిగిలిన తెలంగాణతో కలుపుతుంది.

ఇటువంటి ఊరి నుంచి ఒక యువకళాకారిణి కథ చదివి, ధ్వనిముద్రించి, సాటివారికి వినిపించిందని అనుకుందాం. ‘గొంతు బాగుంది, యాస తగ్గించుకోవాలి’ అనే సలహా వస్తే అది కళాపరమైన విమర్శా? లేక ప్రాంతం గురించిన తీర్పా? విమర్శ ఈ రెండింటినీ వేరు చేయలేనప్పుడు ఆమె దిద్దుకోవలసినదేదో, నిలుపుకోవలసినదేదో ఆమెకు తెలియదు. ఈ వ్యాసం ప్రశ్న ఇదే.

2. మైకు తెలుగు – చారిత్రక నేపథ్యం:

తెలుగు ధ్వనిప్రసారానికి తొలి కేంద్రాలు పాలమూరుకు దూరంగా ఏర్పడ్డాయి. ఆకాశవాణి మద్రాసు కేంద్రం 1938లోను, విజయవాడ కేంద్రం 1948లోను మొదలయ్యాయి. నిజాం పాలనలోని దక్కన్ రేడియోలో ఉర్దూదే పెద్దపీట. అది 1950లో ఆకాశవాణిలో చేరింది. తెలుగు చలనచిత్ర పరిశ్రమ కూడా దశాబ్దాల పాటు మద్రాసులోనే ఉంది. మహబూబ్‌నగర్ జిల్లా 1956 వరకు హైదరాబాదు రాష్ట్రంలో భాగం. అంటే మైకు ముందు పలికే తెలుగుకు ఒక మూస ఏర్పడుతున్న కాలంలో ఈ ప్రాంతపు గొంతుకు అందులో పాలు దక్కే అవకాశం చాలా తక్కువ.

ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి తెలుగును పూర్వ, దక్షిణ, ఉత్తర, మధ్య మండలాలుగా విభజించారు. వీటిలో మధ్య మండలపు విద్యావంతుల వాడుక ఆధునిక ప్రమాణ భాషకు పునాది అయింది. పత్రికలకు, పాఠ్యపుస్తకాలకు ఒక ప్రమాణ భాష అవసరమన్న వాదంలో బలముంది. అయితే రాత కోసం ఏర్పడిన ప్రమాణం గొంతుకు కూడా కొలబద్ద కావడంతోనే సమస్య మొదలైంది.

3. గాత్రదానం – భాషావిధానం:

తెలుగులో డబ్బింగుకు ‘గాత్రదానం’ అనే పేరు స్థిరపడింది. దానం చేసినవారి పేరు వెనక్కి పోవడం ఈ వృత్తి స్వభావం. సుమన్, రాజశేఖర్‌ల పాత్రలకు సాయికుమార్, ‘అరుంధతి’ (2009)లో సోనూ సూద్ పాత్రకు రవిశంకర్ ఇచ్చిన గొంతులు ఆ పాత్రల నుంచి విడదీయలేనివి. ‘దశావతారం’ (2008) తెలుగు రూపంలో కమల్ హాసన్ పోషించిన పది పాత్రల్లో ఏడింటికి ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గాత్రదానం చేశారు. ఒక గొంతు ఎన్ని మనుషులుగా చీలగలదో చెప్పడానికి ఇది గొప్ప నిదర్శనం. ఈ నైపుణ్యాన్ని అందరూ మెచ్చుకున్నారు. అది ఏ అంశాల వల్ల సాధ్యమైందో వివరించే విమర్శ మాత్రం తక్కువగా వచ్చింది.

భరతుని నాట్యశాస్త్రంలో భాషావిధానం ఒక ముఖ్యాంశం. ఉత్తమ పాత్రలకు సంస్కృతం, స్త్రీలకు, కింది తరగతి పాత్రలకు ప్రాకృతం అన్నది దాని స్థూల నియమం. తెలుగు సినిమా ఈ నియమాన్ని పేరు చెప్పకుండానే చాలాకాలం పాటించింది. కథానాయకుడికి మధ్య మండలపు మాట, హాస్యగాడికో ప్రతినాయకుడి అనుచరుడికో తెలంగాణ మాట దక్కాయి. తెలంగాణ ఉద్యమకాలంలో ఈ పంపకం మీద తీవ్రమైన విమర్శ వచ్చింది. ‘ఫిదా’ (2017)లో బాన్సువాడ అమ్మాయి పాత్రకు తమిళనాడు నుంచి వచ్చిన సాయిపల్లవి స్వయంగా డబ్బింగు చెప్పారు. ఆ గొంతు నాయిక గొంతుగా ఆదరణ పొందింది. యాస నేర్చుకోదగిన, నటించదగిన కళాంశమని దీనివల్ల స్పష్టమైంది.

పాలమూరు విషయంలో మరో సంగతి గమనించాలి. నాగర్‌కర్నూల్ జిల్లా అవుసలికుంటకు చెందిన కిన్నెర కళాకారుడు దర్శనం మొగులయ్య 2021లో ‘భీమ్లా నాయక్’ పాట ఆరంభంలో పాడారు. 2022లో పద్మశ్రీ అందుకున్నారు. పన్నెండు మెట్ల కిన్నెరతో పండుగ సాయన్న కథ చెప్పే ఆ గొంతు పాటగా అందరికీ చేరింది. అయితే కథ చదివే గొంతుగా, వార్త చెప్పే గొంతుగా, పుస్తకం వినిపించే గొంతుగా పాలమూరు మాటకు అంతటి చోటు దొరకలేదు. పాటలో ‘జానపద మాధుర్యం’గా మెప్పు పొందిన ఉచ్చారణే వచనంలో ‘దోషం’ అవుతున్నదంటే, తేడా ఉచ్చారణలో లేదు, వినేవారి అంచనాలో ఉంది.

4. పాఠ్యగుణాలు – ఒక వాక్య పరిశీలన:

భాషావిధానంతో పాటు భరతుడు పాఠ్యగుణాలను కూడా చెప్పాడు. సప్త స్వరాలు, మూడు స్థానాలు (ఉరస్సు, కంఠం, శిరస్సు), నాలుగు వర్ణాలు, రెండు కాకువులు (సాకాంక్షం, నిరాకాంక్షం), ఆరు అలంకారాలు (ఉచ్చం, దీప్తం, మంద్రం, నీచం, ద్రుతం, విలంబితం), ఆరు అంగాలు (విచ్ఛేదం, అర్పణం, విసర్గం, అనుబంధం, దీపనం, ప్రశమనం) ఇందులో ఉన్నాయి. ఈ గుణాలు ఏ ప్రాంతపు మాటకైనా సమానంగా వర్తిస్తాయి. భాషావిధానంలోని తరతమ భేదాన్ని వదిలి, పాఠ్యగుణాలను స్వీకరిస్తే నేటి ధ్వనిముద్రణల చర్చకు పదజాలం సిద్ధంగా దొరుకుతుంది.

ఉదాహరణకు ఒక పాలమూరు రైతు మాట: “వానొస్తదనుకున్నం, రాకపాయె.” ఇందులో ‘అనుకున్నం’ దగ్గర కాకువు సాకాంక్షం. ఇంకా చెప్పవలసినది ఉందని గొంతు సూచించాలి. తరువాత విచ్ఛేదం, అంటే విరామం. ‘రాకపాయె’ నిరాకాంక్షం. అక్కడ స్వరం మంద్రానికి దిగి ప్రశమనంతో ముగియాలి. దీన్నే “వాన వస్తుందని అనుకున్నాం, కానీ రాలేదు” అని మారిస్తే సమాచారం చెడదు. అయితే విరామం చేయవలసిన పనిని ‘కానీ’ చేసేస్తుంది. ‘పాయె’లో ఉన్న నిట్టూర్పు ‘లేదు’లో లేదు. ‘యాస తగ్గించుకోవాలి’ అన్న సలహాను పాటిస్తే ఇక్కడ పోయేది ప్రాంతీయత ఒక్కటే కాదు, నటనకు ఆధారమైన ధ్వనిరూపం కూడా. అదే వాక్యాన్ని జడ్చర్ల గొంతే విరామం లేకుండా, ఒకే స్థాయిలో చదివితే అది నిజమైన దోషం. యాస సరిగా ఉన్నా వాచికం విఫలమైనట్టే.

5. సాటివారి వినికిడి – రెండు నమూనాలు:

ధ్వనిముద్రణలను పరస్పరం విని పరిశీలించే పద్ధతికి అంతర్జాతీయంగా రెండు నమూనాలు ఉన్నాయి. 2005లో మొదలైన లిబ్రివాక్స్‌లో స్వచ్ఛంద పాఠకులు కాపీహక్కులు తీరిన పుస్తకాలను చదివి ధ్వనిముద్రిస్తారు. ఒకరు చదివినదాన్ని మరొకరు విని సరిచూస్తారు. వదిలిన మాటలు, రెండుసార్లు పలికిన వాక్యాలు, దీర్ఘ నిశ్శబ్దాలు, ధ్వని స్థాయి వంటివి చూస్తారు. చదివే తీరు మీద, యాస మీద తీర్పు చెప్పరు. ఈ పద్ధతి కొత్త గొంతులకు ధైర్యమిస్తుంది. కళను గురించి మౌనంగా ఉండిపోవడం దాని పరిమితి.

2017లో మొజిల్లా ప్రారంభించిన కామన్ వాయిస్ యంత్రాలకు మాట నేర్పడానికి గొంతులు సేకరిస్తుంది. ఒకరు చదివిన వాక్యాన్ని ఇతరులు విని ఆమోదిస్తారు, లేదా తిరస్కరిస్తారు. ఉచ్చారణ భిన్నంగా ఉందన్న కారణంతో తొందరపడి తిరస్కరించవద్దని దాని మార్గదర్శకాలు హెచ్చరిస్తాయి. అయితే తెరమీద ‘వచ్చాడు’ అని ఉంటే ‘వచ్చిండు’ అని చదివిన ముద్రణ పాఠానికి భిన్నమే అవుతుంది, దాన్ని తిరస్కరించడం న్యాయమే. అక్కడ లోపం గొంతులో లేదు. చదవడానికి ఇచ్చిన పాఠాల్లో ‘వచ్చిండు’కు చోటు లేకపోవడంలో ఉంది. పాలమూరు వచనం రాతలోకి రానంతకాలం ఎంత ఉదారమైన వినికిడి అయినా ఆ గొంతును పూర్తిగా చేర్చుకోలేదు. యంత్రాలకు మాట నేర్పే ఈ దశలో ఆ లోటు ప్రభావం కళకే పరిమితం కాదు. తన మాటను యంత్రం గుర్తించనప్పుడు రైతు, కూలి, విద్యార్థి తమ మాట మార్చుకోవలసి వస్తుంది.

6. యాస మినహాయింపు కాదు:

దోషాన్ని, యాసను వేరు చేయాలన్న వాదం అజాగ్రత్తకు రక్షణ కాకూడదు. ‘ప’, ‘బ’ల దగ్గర మైకులో వచ్చే గాలి పేలుడు, మాట మధ్య ఊపిరి చప్పుడు, గది ప్రతిధ్వని, మింగేసిన పదాంతాలు ఏ ప్రాంతపు గొంతులోనైనా లోపాలే. అలాగే కన్యాశుల్కంలోని గిరీశం పాలమూరు యాసలో మాట్లాడితే అది అనుచితం. పాలమూరు రైతు పాత్రకు కృష్ణా తీరపు ఉచ్చారణ కూడా అంతే అనుచితం. క్షేమేంద్రుని ఔచిత్య సూత్రం రెండు వైపులా పనిచేయాలి. ఇప్పటివరకు మొదటి అనౌచిత్యాన్ని వెంటనే గుర్తించిన చెవి, రెండోదాన్ని ‘స్పష్టమైన ఉచ్చారణ’ అని మెచ్చుకుంది.

ప్రధాన పాత్రలకే కాక కథకుని గొంతుకు కూడా ఈ సూత్రం వర్తిస్తుందా అన్నది చర్చనీయం. సంభాషణల్లో యాసను ఉంచి కథనాన్ని ప్రమాణ భాషలో నడపడం కథాసాహిత్యంలో సాధారణం. రచయిత అలా రాసినప్పుడు చదివేవారు ఆ సరిహద్దును గౌరవించాలి. కథనం కూడా యాసలోనే సాగినప్పుడు దాన్ని ‘సరిదిద్ది’ చదివే అధికారం గొంతుకు లేదు.

7. ముగింపు:

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు:

• తెలుగు మైకు ఉచ్చారణ కొన్ని కేంద్రాల్లో, ఒక చారిత్రక సందర్భంలో ఏర్పడింది. కనుక దాన్ని సహజ ప్రమాణంగా భావించనవసరం లేదు.

• ధ్వనిముద్రణను వినే సాటి కళాకారులు మూడు ప్రశ్నలను వరుసగా వేసుకోవాలి. పాఠంలో ఉన్నది వినిపించిందా? ఆ మాట ఆ పాత్రకు తగినదేనా? స్థానం, కాకువు, విరామం భావాన్ని శ్రోతకు చేర్చాయా? మొదటిది సాంకేతికం, రెండోది ఔచిత్యం, మూడోది అభినయం. యాస రెండో ప్రశ్న కిందికి మాత్రమే వస్తుంది.

• పాలమూరు మాట పాటలో పొందిన గౌరవం వచనంలోనూ పొందాలంటే ఆ మాటలో చదవదగిన పాఠాలు పెరగాలి. జడ్చర్లలోని డా. బి.ఆర్.ఆర్. ప్రభుత్వ డిగ్రీ కళాశాల వంటి సంస్థల తెలుగు శాఖలు విద్యార్థుల చేత ఇంటి పెద్దల మాటలను ధ్వనిముద్రింపజేసి, లిప్యంతరీకరించి, తిరిగి చదివించే అభ్యాసాన్ని చేపట్టవచ్చు.

యాస తగ్గించుకోమని చెప్పడం సులభం. ‘రాకపాయె’ దగ్గర గొంతు ఎంత దిగాలో, ఎంతసేపు ఆగాలో చెప్పడానికి శ్రద్ధగా వినడం కావాలి. ధ్వనిముద్రిత వాచికంపై విమర్శ ఆ వినికిడి నుంచే మొదలుకావాలి.